‘లైఫ్ సెట్’ అయ్యేలోపు

ఉగాదికి ముందు ఓ ఆదివారం హాస్టల్ గది సర్దే పని పెట్టుకున్నాను. ఫైనల్ ఇయర్ కదా, నాలుగేళ్ళ చెత్త పేరుకుపోయింది. బ్యాగు ఉతుకుదామని జేబులన్నీ దులిపితే పక్క జేబులోంచి రూపాయి బిళ్ళలు రాలాయి. ఒకటీ రెండూ కాదు, పదకొండు. అవి ఎక్కడివో అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. అర్థమయ్యాక బ్యాగు అలాగే వదిలేసి మంచం మీద కూర్చుండిపోయాను.

అవి మా అమ్మమ్మ ఇచ్చినవి.

మాది సామర్లకోట దగ్గర పల్లెటూరు. సెలవులు అయిపోయి కాలేజీకి బయల్దేరిన ప్రతిసారీ అమ్మమ్మ కొంగుముడి విప్పి ఒక రూపాయి బిళ్ళ నా చేతిలో పెట్టేది. "గోదారమ్మకి వెయ్యి నాన్నా, మర్చిపోకు" అనేది. సరే అమ్మమ్మా అని బ్యాగు పక్క జేబులో పడేసేవాణ్ణి. రాత్రి రైలెక్కితే గంట, గంటన్నరలో రాజమండ్రి దాటి గోదారి వస్తుంది. ఈలోపు నేను పై బెర్తు ఎక్కేసి, ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుని, ఆప్టిట్యూడ్ వీడియోనో, ఎవడిదో ఇంటర్వ్యూ అనుభవమో చూస్తూ ఉండేవాణ్ణి. పై బెర్తుకి కిటికీ ఉండదు. వంతెన మీదకి రాగానే చక్రాల చప్పుడు మారుతుంది కదా, ఆ చప్పుడు కూడా ఇయర్‌ఫోన్లు దాటి లోపలికి రాలేదు.

నదిలో నాణేలు వేయడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. (రాగి నీళ్ళని శుభ్రం చేస్తుందని వాట్సాప్‌లో తిరిగే శాస్త్రం ఇప్పటి రూపాయికి ఎలాగూ పనికిరాదు, అది స్టెయిన్‌లెస్ స్టీలు.) నేను వేయకపోవడానికి పర్యావరణం మీద ప్రేమ కారణం కాదు. చూడలేదు, అంతే.

అసలు సిగ్గుపడాల్సింది బిళ్ళల గురించి కూడా కాదు. ప్రతిసారీ గోదారి దాటాక అమ్మమ్మ ఫోన్ చేసేది. "ఏరా, దాటేశావా? గోదారి ఎలా ఉంది?" అని అడిగేది. నేను పై బెర్తు మీంచే "నిండుగా ఉందమ్మమ్మా" అనేవాణ్ణి. దసరాకి అదే మాట, సంక్రాంతికి అదే మాట. సెకండ్ ఇయర్ వేసవిలో, మే నెల మండిపోతున్నప్పుడు కూడా అదే మాట అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. "ఎండాకాలం కదరా నాన్నా, ఇసక తిన్నెలు బయటపడలేదూ?" అంది. "చీకట్లో సరిగ్గా కనపళ్ళేదులే" అని ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత కూడా అమ్మమ్మ అడగడం మానలేదు. నేను అబద్ధం చెప్పడమూ మానలేదు. కాకపోతే అప్పట్నుంచి అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అమ్మమ్మ పుట్టిల్లు కొవ్వూరు. అంటే గోదారికి అవతలి గట్టు. మోకాళ్ళు అరిగిపోయి ఆరేళ్ళుగా ఆవిడ నది దాటలేదు. ఈ సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా ఆ ప్రశ్నకీ, ఈ సంగతికీ ఉన్న సంబంధం మాత్రం పదకొండు బిళ్ళలు మంచం మీద వరసగా పేర్చుకున్నాకే తట్టింది. ఆవిడ అడుగుతున్నది నేను రూపాయి వేశానా లేదా అని కాదు. తను వెళ్ళలేని చోటికి నేను వెళ్తున్నాను కాబట్టి, ఎలా ఉందో చెప్పమంటోంది.

మరి ఆ నాలుగేళ్ళూ నేను ఎక్కడున్నాను? దీనికి మనందరికీ తెలిసిన జవాబు ఒకటుంది. లైఫ్ సెట్ చేసుకుంటున్నాను.

ఈ ‘లైఫ్ సెట్’ అనే మాట నేను మొదట విన్నది ఎనిమిదో తరగతిలో. "టెన్త్ దాకా కష్టపడు, ఆ తర్వాత లైఫ్ సెట్." టెన్త్ అయ్యాక అది ఇంటర్‌కి జరిగింది. "ఈ రెండేళ్ళూ కళ్ళు మూసుకుని చదివెయ్యి, ఇంక లైఫ్ సెట్." కళ్ళు మూసుకుని ఎలా చదువుతారో నాకు ఇప్పటికీ తెలీదు గానీ, ఆ రెండేళ్ళు నిజంగానే కళ్ళు మూసుకుని గడిపాను. రెసిడెన్షియల్ కాలేజీలో చదివినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున లేపే విజిల్, స్టడీ అవర్లు, ఆదివారం పరీక్ష, ఆ సాయంత్రం ఫోన్ కోసం క్యూ. మా గదిలో గోడకి ఒక క్యాలెండర్ ఉండేది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు గడిని పెన్నుతో అడ్డంగా కొట్టేసేవాళ్ళం. వంతులు వేసుకుని మరీ. నా వంతు వచ్చిన రోజు గీత కాస్త గట్టిగా పడేది, కాగితం చిరిగేంత.

ఇప్పుడు తలుచుకుంటే విచిత్రంగా ఉంటుంది. తప్పు లెక్కని కొట్టేస్తాం, అక్కర్లేని మాటని కొట్టేస్తాం. మేము పదిహేడేళ్ళ వయసుని కొట్టేశాం. పైగా ఆ కొట్టేసిన గడుల్లో ఏమీ లేకపోలేదు. నా పక్క మంచం వాడు కరెంటు పోతే చాలు, దుప్పటి నెత్తిన కప్పుకుని మా వార్డెన్‌ని దింపేసేవాడు. నవ్వీ నవ్వీ కడుపు నొప్పొచ్చేది. కెమిస్ట్రీ సారు ఆవర్తన పట్టికని ఉమ్మడి కుటుంబంలా చెప్పేవారు. హేలోజన్లు పక్కింటి ఎలక్ట్రాన్ కోసం కాచుకు కూర్చునే బంధువులు, జడవాయువులు ఎవరితోనూ కలవని పెదనాన్నలు. ఆ రెండేళ్ళలో నాకు మిగిలినవి ఇవే. ర్యాంకు ఎంతో అడిగితే ఇప్పుడు హాల్ టికెట్ వెతుక్కోవాలి.

ఇంటర్ తర్వాత ‘సెట్’ ఇంజనీరింగ్‌కి జరిగింది, ఆ తర్వాత ప్లేస్‌మెంట్‌కి. నాకు అక్టోబరులో ఆఫర్ వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి లిస్టు పెట్టారు. ఇంటికి ఫోన్ చేశాను, అమ్మ ఏడ్చింది, నాన్న "మంచిది" అని రెండుసార్లు అన్నాడు. మా నాన్న ఒక మాట రెండుసార్లు అన్నాడంటే అది పండగ. సాయంత్రం క్యాంటీన్‌లో అందరికీ సమోసాలు ఇప్పించాను. రాత్రి భోజనాల వేళకి బ్రాంచి గ్రూపులో ఇంకొకడి ప్యాకేజీ వచ్చింది, నాదానికి దాదాపు రెట్టింపు. నా ఆనందం వయసు ఆరు గంటలు. మర్నాడే ఓ సీనియర్ అన్న ఫోన్ చేసి, "ఒక రెండేళ్ళు చేసి స్విచ్ కొట్టు తమ్ముడూ, అప్పుడు లైఫ్ సెట్" అన్నాడు.

నా రూమ్మేటు సివిల్. శ్రీకాకుళం జిల్లా వాడు. ఈ మాట వాడితో చెబితే పడీపడీ నవ్వాడు. వాళ్ళ ల్యాబులో వికాట్ ఉపకరణంతో సిమెంటు సెట్ అయ్యే సమయం కొలుస్తారట. సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకి ఇనీషియల్ సెట్టింగ్ 30 నిమిషాలకి తక్కువ ఉండకూడదు, ఫైనల్ సెట్టింగ్ 600 నిమిషాలు దాటకూడదు. "సెట్ అవ్వడం అంటే ఏంటో తెలుసా? ఇంక దాన్ని మలచలేం అని. ఏం పోసినా, ఎలా పోసినా ఆలోపే. మీవాళ్ళేమో బతకడం సెట్ అయ్యాక మొదలుపెడతామంటారు" అన్నాడు.

వాడి మాట నాకు తెగ నచ్చేసింది. ఎంత నచ్చిందంటే, వారం తర్వాత దాన్నే వాడికి ఉపదేశంగా తిప్పి చెప్పాను. అక్కడే దెబ్బ తిన్నాను.

అప్పటికి వాడు పదిహేను కంపెనీలకి కూర్చున్నాడు. ఏదీ రాలేదు. కోర్ కంపెనీలు తక్కువ, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చివరి రౌండు దాకా వెళ్ళి ఆగిపోయేవాడు. ఆ రోజు కూడా ఒకటి పోయింది. గదికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను పెద్ద మనిషిలా, "పోనీలేరా, రేపటి గురించి వదిలెయ్, ఈ క్షణంలో బతకాలి. నువ్వే అన్నావుగా" అన్నాను. వాడు లేచి కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. "నీ చేతిలో ఆఫర్ లెటర్ ఉంది కాబట్టి నీకు ఈ క్షణం బాగుంది. మా నాన్న ఎడ్యుకేషన్ లోన్‌కి సంతకం పెట్టాడు. నా ఈ క్షణంలో బ్యాంకోడు కూడా ఉన్నాడు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఆ జవాబు లేకపోవడమే.

ఎందుకంటే వాడన్నది నిజం. ‘ప్రెజెంట్‌లో బతకండి’ అని రీల్స్‌లో చెప్పేవాళ్ళ వెనకాల ఎప్పుడూ ఒక కొండో, సముద్రమో, ఖరీదైన కాఫీ కప్పో ఉంటుంది. కౌలు పొలం, ఫీజు బకాయి, పెళ్ళి కావలసిన అక్క ఉన్న ఇంట్లో రేపటి గురించి ఆలోచించడం జబ్బు కాదు, బాధ్యత. మన క్యాంపస్‌లో సగం మందిమి ఇలాంటి ఇళ్ళ నుంచే వచ్చాం. మా నాన్న రేపటి గురించి ఆలోచించకపోయి ఉంటే నేను ఇక్కడ ఉండేవాణ్ణే కాదు. అలాంటి మనతో ‘చిల్ అవ్వు బ్రో’ అనడం మోసం. దానికి వేదాంతం రంగు పూస్తే ఇంకా పెద్ద మోసం.

అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మా ఇద్దరిలో గోదారి వంతెన మీద ఎప్పుడూ మేలుకుని ఉండేది వాడే.

సెలవులకి ఇద్దరం ఒకే రైల్లో వెళ్తాం. నేను ముందు దిగుతాను, వాడిది ఇంకా బోలెడు దూరం. కొవ్వూరు వస్తోందంటే వాడు అలారం పెట్టుకుని మరీ లేస్తాడు. సివిల్ వాడు కదా, వంతెనల పిచ్చి అనుకునేవాణ్ణి. గదిలో పడుకుని ఎన్నోసార్లు చెప్పాడు కూడా. రాజమండ్రి దగ్గర మొత్తం మూడు రైలు వంతెనలు. 1900లో మొదలైన హేవలాక్ వంతెన 1997 దాకా పనిచేసి రిటైరైంది. 1974 నాటిది పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. మూడోది 28 కాంక్రీటు తోరణాలున్న ఆర్చ్ బ్రిడ్జి. ఆ తోరణం విల్లైతే కింద రైలు నడిచే భాగం నారి, రెండూ ఒకదాన్నొకటి లాగిపట్టుకుని నిలబడతాయి. ఇదంతా చెప్పేటప్పుడు వాడి మొహంలో బ్యాంకోడు ఉండేవాడు కాదు. లోన్ తీరిపోలేదు, ఉద్యోగం రాలేదు, ఏదీ సెట్ కాలేదు. అయినా ఆ రెండు మూడు నిమిషాలు వాడు వంతెన మీదే ఉండేవాడు. అదే రైల్లో, ఆఫర్ లెటర్ జేబులో ఉన్న నేను మాత్రం రెండేళ్ళ తర్వాతి స్విచ్‌లో ఉన్నాను.

అంటే రేపటి కోసం పని చెయ్యడం ఒకటి, రేపట్లోనే కాపురం పెట్టేయడం ఇంకొకటి. నాకు తెలియకుండానే రెండూ ఒకటే అనుకున్నాను. పని చేస్తున్నాను కాబట్టి చూడనక్కర్లేదనుకున్నాను. చూడ్డానికి ఎంత టైము కావాలి? వంతెన దాటే టైము. ఆ టైములో నేను చేసిన ఆప్టిట్యూడ్ లెక్కలు ఎన్ని? రైల్లో సిగ్నల్ లేక వీడియో తిరుగుతూ తిరుగుతూ ఉండేది, అంతే.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. మన క్లబ్బులో పాత యాత్రా రచనల మీద మాట్లాడుకున్నప్పుడు నా వంతుకి ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ వచ్చింది. ఏదో పుణ్యక్షేత్రాల పుస్తకం అనుకుని విసుక్కుంటూ తెరిచాను. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరాడు, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెంట దాదాపు వంద మంది. రైలు లేదు, సరైన రోడ్డు లేదు. పదిహేను నెలలు.

మనమైతే ఆ పుస్తకాన్ని ‘కాశీ చేరుకున్నాను, ఫీలింగ్ బ్లెస్‌డ్’ అని ఒక్క ఫొటోతో తేల్చేస్తాం. ఆయన మజిలీ మజిలీకీ ఆగి రాసుకున్నాడు. ఈ ఊళ్ళో నీళ్ళు బాగున్నాయా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటు దొరుకుతుందా, దారి ఇసకా, రాళ్ళా, వాగు దాటడం ఎలా. కాశీ ఆ పుస్తకంలో ఒక భాగం మాత్రమే. కాశీ చేరితే లైఫ్ సెట్ అనుకునే మనిషి ఇలా రాయడు. అలాగని గాలికి తిరిగిన మనిషీ కాదు. వంద మందిని అడవులూ నదులూ దాటించి క్షేమంగా ఇంటికి తెచ్చినవాడు రేపటి గురించి మన ప్లేస్‌మెంట్ సెల్ కంటే బాగానే ఆలోచించి ఉంటాడు.

అయితే నన్ను పట్టుకున్నది ఇంకో సంగతి. ఆయన ఈ వివరాలు మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాస్తూ వచ్చాడు. తర్వాత 1838లో, వీరాస్వామయ్య పోయాక, ఆ మిత్రుడే పుస్తకం వేయించాడు. అంటే దారిలో చూసిందానికి అటుచివర ఒక మనిషి ఉన్నాడు. ఎలా ఉంది అని అడిగే మనిషి.

నాకూ ఉంది కదా. నాలుగేళ్ళుగా ఫోన్ చేసి మరీ అడుగుతోంది.

ఈ ‘వర్తమానంలో బతకడం’ అన్న మాట వినగానే మనకి కళ్ళు మూసుకుని కూర్చోవడం, ఊపిరి లెక్కపెట్టడం గుర్తొస్తాయి. చేసేవాళ్ళని నేను తప్పుపట్టను. నాకు మాత్రం అది అంతకంటే మామూలు విషయం అనిపిస్తోంది. ఎవరైనా ‘ఎలా ఉంది?’ అని అడిగితే, చూసి చెప్పగలగడం. మెస్సులో ఈ పూట సాంబారు ఎలా ఉంది, మీ రూమ్మేటు మొహం ఎలా ఉంది, అమ్మ గొంతు ఎలా ఉంది. నేను అన్నిటికీ ఒకే జవాబు తయారుగా పెట్టుకున్నాను. నిండుగా ఉంది, సూపర్, ఆల్ గుడ్. వాడు గోడవైపు తిరిగి పడుకున్న రోజు కూడా నేను వాణ్ణి చూడలేదు. చూసుంటే ఉపదేశం చేసేవాణ్ణి కాదు, పోయి రెండు టీలు తెచ్చేవాణ్ణి.

ఉగాదికి ఇంటికి బయల్దేరాను. వాడూ వచ్చాడు. ఉద్యోగం ఇంకా రాలేదు. గేట్ ఫలితం కోసం చూస్తున్నాడు. నేను పదకొండు బిళ్ళలూ చొక్కా జేబులో వేసుకున్నాను. "కొవ్వూరు రాగానే లేపరా" అంటే వాడు నన్ను అనుమానంగా చూశాడు.

ఐదున్నరకి లేపాడు. కింద కిటికీ పక్కన చోటు ఇచ్చాడు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. చక్రాల చప్పుడు మారింది, గట్టి నేల పోయి కింద ఏదో బోలుగా మోగినట్టు. చల్లగాలి, దాంట్లో పచ్చి నీళ్ళ వాసన. నీళ్ళు ఏ రంగో చెప్పడం కష్టం, బూడిదకీ వెండికీ మధ్యలో. అక్కడక్కడ తిన్నెలు పైకి తేలి ఉన్నాయి. ఒక తిన్నె అంచున పడవ ఆపి ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు వంగి వల సర్దుతున్నాడు, రెండోవాడు ఊరికే మా రైలుకేసి చూస్తున్నాడు. ఎదురు సీట్లో ఒకావిడ నిద్రపోతున్న పిల్లని లేపి చేతులు జోడింపజేసింది. పిల్ల కళ్ళు తెరవకుండానే దణ్ణం పెట్టింది. రూమ్మేటు వంతెనల గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. వాడి ముక్కు కిటికీ ఊచకి ఆనుకుని ఉంది.

రాజమండ్రిలో రైలు ఆగగానే ఫోన్ చేశాను. ఎప్పుడూ ఆవిడే చేస్తుంది కాబట్టి కంగారుపడింది. "ఏమైందిరా?"

"ఏం కాలేదు. గోదారి దాటానమ్మమ్మా. నిండుగా లేదు."

అటువైపు నిశ్శబ్దం. తిన్నెల గురించి చెప్పాను, పడవ గురించి, పిల్ల దణ్ణం గురించి చెప్పాను. రంగు చెప్పడం రాక తడబడితే, "కలాయి పోసిన గిన్నెలా ఉంటుంది ఆ వేళప్పుడు" అని ఆవిడే అందించింది. తర్వాత, "మా గోష్పాదం రేవు కనిపించిందా?" అంది.

"అది చూళ్ళేదు. ఎటువైపు ఉంటుందో తెలీలేదు."

"వెళ్ళేటప్పుడు చూద్దువులే. రూపాయి వేశావా?"

చెయ్యి జేబు మీదకి వెళ్ళింది. పదకొండూ అక్కడే ఉన్నాయి.

"మర్చిపోయానమ్మమ్మా. చూస్తూ ఉండిపోయాను."

అమ్మమ్మ నవ్వింది. పక్కన అమ్మతో ఏదో అంటోంది, రైలు కూతలో సరిగ్గా వినపళ్ళేదు.